8085 పాఠము – ఉంచవలెనా, తీసివేయవలెనా?

కొంతకాలము క్రిందట ఉత్తర తెలంగాణలోని ఒక సాంకేతిక కళాశాలకు ప్రయోగ పరీక్ష జరుపుటకు వెళ్ళినాను. ప్రయోగశాలలో బల్లలపై ఎనిమిది 8085 శిక్షణ యంత్రములున్నవి. వీనినే మనవారు కిట్లు అందురు. వానిలో మూడు పనిచేయుట లేదు. ఒక విద్యార్థికి పది సంఖ్యలను కూడు ప్రోగ్రాము వచ్చినది. అతడు పుస్తకము చూడలేదు, కాగితము ముట్టలేదు. పదహారు సంకేతసంఖ్యలను చకచక మీటలపై నొక్కి, జవాబు చూపినాడు. సరియైన జవాబే.

“బాబూ, ఇదే ప్రోగ్రామును 8000 కాకుండా 8100 నుంచి పెట్టి నడిపించు” అన్నాను.

“అట్లనే సార్” అని, అవే పదహారు సంఖ్యలను 8100 మొదలుకొని ఎక్కించి నడిపించినాడు. మరల సరియైన జవాబే వచ్చినది. కాని అది వచ్చిన కారణము సరియైనది కాదు. ఆ ప్రోగ్రాములో “లెక్క పూర్తి కానిచో 8006వ స్థానమునకు తిరిగి పొమ్ము” అను ఆదేశమొకటి ఉన్నది. విద్యార్థి దానిని మార్చలేదు. కనుక యంత్రము క్రొత్త చోట మొదలుపెట్టి, ఒక్క సంఖ్యను కూడి, వెంటనే పాత చోటికి దుమికి, ఇంకను అక్కడనే పడియున్న పాత ప్రోగ్రాముతో పని పూర్తి చేసికొన్నది. కిట్టు స్విచ్చి ఆపి, మరల వేసి, ఈసారి 8100 నుంచి మాత్రమే ఎక్కించుమన్నాను. యంత్రము ఎటో పోయినది. జవాబు రాలేదు. మార్చవలసినది ఒకే ఒక సంఖ్య, 80కి బదులు 81. ఆ పిల్లవానికది తోచలేదు. తెలివి లేక కాదు. ఆ పదహారు సంఖ్యలలో ఏది ఆదేశమో, ఏది చిరునామాయో అతనికెవరును చెప్పియుండలేదు.

తరువాత తేనీరు త్రాగుచుండగా అక్కడి అధ్యాపక మిత్రుడొకరు, “ఈ పాత సరుకంత తీసేస్తే పీడ పోతది సార్. ఇప్పుడెవరు వాడుతున్నరు?” అన్నారు. ఆయన మాటలో సగము నిజమున్నది. పాఠమును ఇట్లే చెప్పుటయైనచో తీసివేయుటయే మేలు. కాని తప్పు పాఠమునది కాదు, దానిని మనము పరీక్షకొరకు వల్లెవేయు మంత్రముగా మార్చుకొన్నాము. ఈ రెండింటిని వేరుచేసి చూపుటకే ఈ వ్యాసము.

ముందుగా యంత్రమును గూర్చి నాలుగు మాటలు. 8085 అనునది ఇంటెల్ సంస్థ 1976లో వెలువరించిన ఎనిమిది బిట్ల ప్రాసెసరు. అందులో ట్రాన్సిస్టర్లు సుమారు 6,500. 2020లో వచ్చిన ఒక ప్రసిద్ధమైన ఫోనులోని ప్రాసెసరులో సుమారు 1,180 కోట్లు! 8085కు తెలిసిన ఆదేశములు 74 రకములు. దాని చేతిక్రింద ఏ, బి, సి, డి, ఇ, హెచ్, ఎల్ అను ఏడు చిన్న అరలుండును, వీనిని రిజిస్టర్లందురు. ఒక్కొక్క అరలో 0 నుండి 255 వరకు ఒక సంఖ్య పట్టును. ఇవికాక మెమరీలో 65,536 స్థానముల వరకు ఇది చూడగలదు. లెక్క ముగిసిన తరువాత ఫలితము సున్నయా, ఋణమా, మిగులు వచ్చినదా మొదలగు సంగతులను తెలుపు ఐదు జెండాలు, అనగా ఫ్లాగులు, ఉన్నవి. మరికొన్ని చిల్లర విషయములను వదలివేసినచో యంత్రమంతయు ఇంతే. పదవ తరగతి విద్యార్థి నోటుపుస్తకములో రెండు పుటలలో వ్రాసికొనవచ్చును.

సిరిసిల్లలో డాబీ అమర్చిన మరమగ్గమును చూచినవారికి ఒక పోలిక చెప్పెదను. డాబీలో కర్రపట్టీలు గొలుసువలె కూర్చబడి తిరుగుచుండును. ఒక్కొక్క పట్టీకి రంధ్రములు. కొన్నింటిలో మేకులుండును, కొన్నింటిలో ఉండవు. మేకున్న చోట ఆ వరుస పడుగు లేచును, లేనిచోట లేవదు. పట్టీ తరువాత పట్టీ, పోగు తరువాత పోగుగా అంచుపై పువ్వు దిగును. మేకు 1, రంధ్రము 0 అనుకొన్నచో ఒక్కొక్క పట్టీ ఒక ఆదేశమే. యంత్రభాష అనగా ఇదే. ఆ మేకుల వరుసకు మనుష్యులు చదువుకొనుటకు వీలుగా పొట్టిపేర్లు పెట్టినచో అది అసెంబ్లీ భాష. అయితే పోలిక ఇక్కడితో ఆగును. మగ్గపు పట్టీ తన్ను తాను మార్చుకొనలేదు. కంప్యూటరులో ఆదేశములును, ఆ ఆదేశములు పనిచేయవలసిన సంఖ్యలును ఒకే మెమరీలో ప్రక్కప్రక్కన ఉండును. చిక్కంతయు, అందమంతయు అందులోనే ఉన్నది.

ఒక చిన్న ప్రోగ్రామును చూతము. 25ను 17తో కూడి, మొత్తమును 8050వ స్థానములో ఉంచుటకు 8085కు ఇచ్చు పదకొండు సంఖ్యలివి:

06 25 78 06 17 80 27 32 50 80 76

06 అనగా “తరువాతి సంఖ్యను బి అరలో పెట్టుము”. అందుచేత 25 బిలో పడినది. 78 అనగా “బిలోనిదానిని ఏకు నకలు చేయుము”. మరల 06, ఈసారి 17. తరువాతి 80 అనగా “బిని ఏతో కూడుము”. 27 దశాంశ సవరణ. 32 అనగా “ఏలోనిదానిని తరువాత చెప్పిన చిరునామాలో దాచుము”. ఆ చిరునామా 50, 80. చివరి 76 అనగా ఆగుము.

ఇప్పుడు విద్యార్థులనడుగుడు: ఇందులో 80 ఎన్నిసార్లు వచ్చినది? రెండుసార్లు. ఆరవ స్థానములో అది “కూడుము” అను ఆదేశము. పదవ స్థానములో అదే 80 ఒక చిరునామాలో సగము. సంఖ్య ఒకటే, అర్థములు రెండు; అర్థమును నిర్ణయించినది సంఖ్య కాదు, అది నిలిచిన చోటు. పొరపాటున ప్రోగ్రామును మొదటి స్థానమునుండి కాక రెండవ స్థానమునుండి నడిపించినచో, మనము లెక్కకై ఉంచిన 25ను యంత్రము “హెచ్ నుండి ఒకటి తగ్గించుము” అను ఆదేశముగా చదువుకొని నిశ్చింతగా ముందుకు సాగును. అది ఆక్షేపించదు. తప్పు తెలుపదు. ఫోనులోని బొమ్మ, పాట, ప్రోగ్రాము, బ్యాంకు ఖాతాలోని నిలువ – అన్నియు మెమరీలో ఇట్టి సంఖ్యలే. ఒకదానిని మరియొకదానిగా చదివించి యంత్రమును మోసగించుటయే కంప్యూటరులపై జరుగు అనేక దాడుల మూలసూత్రము. ఈ సత్యమును పెద్ద భాషలలో మాటలతో చెప్పవచ్చును. ఈ పదకొండు సంఖ్యలలో కంటితో చూపవచ్చును.

27 అను ఆదేశమును తీసివేసి నడిపించి చూడుడు. 42కు బదులు 3సి అని కనబడును. యంత్రము తప్పు చేసినదా? లేదు. అది పదహారుల లెక్కలో కూడినది. 5, 7 కలిసి పన్నెండైనది, పన్నెండునకు ఆ లెక్కలో గుర్తు సి. మన వ్రేళ్ళు పది గనుక మనకు 42 కావలెను. ఆ సవరణ చేయునది 27. స్థానవిలువను గూర్చి ప్రాథమిక తరగతులనుండి చెప్పుచున్న పాఠమునకు ఇంతకంటె మంచి ప్రయోగమున్నదా?

చిరునామా 8050 అయినప్పుడు 50, 80 అని తలక్రిందుగా ఎందుకు వ్రాసినారని తెలివైన పిల్లవాడు తప్పక అడుగును. అధ్యాపకులు సాధారణముగా “అది అంతే” అని సమాధానమిత్తురు. దాని వెనుక మంచి కథ ఉన్నది. 1970లో అమెరికాలోని టెక్సాసులో డేటాపాయింట్ 2200 అను యంత్రమును ప్రకటించినారు. దాని మెమరీలో బిట్లు వరుసగా ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చెడివి. మనము కాగితముపై ఒకట్ల స్థానమునుండి కూడుకొని వచ్చినట్లే, ఆ యంత్రమునకును చిన్న విలువగల భాగము ముందు రావలెను. అప్పుడే మిగులును తరువాతి భాగమునకు మోయగలదు. కనుక చిన్న భాగమును ముందు పెట్టినారు. ఆ యంత్రము కొరకు ఆరంభించిన రూపకల్పననుండియే ఇంటెల్ 8008 (1972) పుట్టినది. దాని అలవాటు 8080కు, 8085కు, 8086కు సంక్రమించినది. నేడు కరీంనగరులోనో మంచిర్యాలలోనో ఇంటెల్ లాప్‌టాపు తెరచిన విద్యార్థి, 1970 నాటి ఆ యంత్రపు అలవాటునే వాడుచున్నాడు. పాత యంత్రము చచ్చిపోయినదనువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

ఇక ప్రతిపక్షము వాదమును న్యాయముగా వినవలెను. నేడు అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు చాల కొలదిమంది. పెద్ద భాషలలో వ్రాసినదానిని యంత్రభాషకు మార్చు కంపైలర్లు మనలో అనేకులకంటె చక్కని యంత్రభాషను వ్రాయగలవు. 8085 వచ్చునని చెప్పినంత మాత్రమున ఎవరును ఉద్యోగమీయరు. ఇవన్నియు నిజములే, నేను కాదనను. కాని రేఖాగణితము చదివినవారికి త్రిభుజములు అమ్ముకొను ఉద్యోగమెవరిచ్చినారు?

ఉపయోగము లేదన్నమాట కూడ పూర్తిగా సరికాదు. 1977లో ప్రయోగింపబడిన వాయేజర్–1 అంతరిక్ష నౌక 2023 నవంబరునుండి అర్థముకాని సంకేతములను పంపసాగినది. దాని కంప్యూటరులలో ఒకదాని మెమరీలో ఒక చిప్పు చెడిపోయి, అక్కడనున్న ప్రోగ్రాము భాగము పోయినది. అప్పటికి నౌక సుమారు 2,400 కోట్ల కిలోమీటర్ల దూరమున ఉండెను. ఒక ఆదేశము చేరుటకే ఇరువదిరెండున్నర గంటలు. చిప్పును మార్చుటకు వీలులేదు. చెడిపోయిన భాగమును ముక్కలుగా విడదీసి, మెమరీలో ఖాళీగానున్న వేరువేరు చోట్ల అమర్చి, ఆ భాగమును పేర్కొను చిరునామాలన్నింటిని సరిదిద్ది, 2024 ఏప్రిల్‌లో పంపినారు. నౌక మరల మాట్లాడినది. ఆ ఇంజనీర్లు చేసినదేమి? ప్రోగ్రామును ఒక చోటునుండి మరియొక చోటికి మార్చి, దుముకు చిరునామాలను దిద్దినారు. మన పరీక్షలో ఆ పిల్లవాడు చేయలేకపోయిన పని అదే, ఇంతకంటె చాల పెద్దది.

మిగులు సంగతియు అట్టిదే. ఎనిమిది బిట్ల అరలో 200ను 100తో కూడినచో 44 మిగులును, క్యారీ ఫ్లాగు లేచి నిలుచును. ఫ్లాగును చూడనివాడు 200 + 100 = 44 అని నమ్మును. నవ్వవలసిన విషయము కాదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియేన్–5 రాకెట్టు తన తొలి ప్రయాణములో నలుబది సెకన్లలోపలనే నాశనమైనది. 32,767కు మించిన సంఖ్య పట్టని పదహారు బిట్ల అరలో అంతకంటె పెద్ద సంఖ్యను కుక్కబోవుటయే కారణము. ఏరియేన్–4లో ఏ చిక్కును లేని ప్రోగ్రామునే దీనిలోనికి తెచ్చినారు. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. అట్లే 1970 జనవరి 1 నుండి సెకన్లను ముప్పదిరెండు బిట్లలో లెక్కించుచున్న పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న అర నిండిపోవును. నేడు పదవ తరగతిలోనున్నవారు అప్పటికి ఉద్యోగములలో ఉందురు. ఆ మరమ్మత్తు వారి చేతులమీదనే జరుగవలసియున్నది.

అయితే పాతదంతయు మంచిది కాదు. మన ఇంజనీరింగు కళాశాలలలో చాలకాలముగా 8086తో పాఠము మొదలుపెట్టు అలవాటున్నది. ఇది నాకు సమ్మతము కాదు. 1978 నాటి ఈ యంత్రము పదహారు బిట్ల అరలతో ఇరువది బిట్ల చిరునామాను తయారు చేయవలసివచ్చి, ఒక సంఖ్యను పదహారుతో హెచ్చవేసి మరియొక సంఖ్యను కలుపుకొనును. ఫలితముగా మెమరీలోని ఒకే స్థానమును 4,096 విధములుగా పిలువవచ్చును. అది అప్పటి అవసరమునుబట్టి చేసికొన్న సర్దుబాటు, తొలిపాఠమునకు తగదు. మొదటిసారి సైకిలు నేర్చువానిని సంతలోనికి తోలినట్లుండును. 8085తో మొదలుపెట్టి, అది వచ్చిన తరువాత 8086ను చరిత్రగా రెండు గంటలలో చెప్పవచ్చును. 8085యే కావలెనన్న పట్టుదలయు నాకు లేదు. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయములో మొదలైన రిస్క్–ఫైవ్ అను ఆదేశముల కూర్పు శుభ్రమైనది, ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును, మదరాసు ఐ.ఐ.టి. వారు దానిపై శక్తి ప్రాసెసర్లను నిర్మించినారు. కావలసినది, ఒక విద్యార్థి బుర్రలో పూర్తిగా పట్టు యంత్రము. అది పాతదైనను సరే, క్రొత్తదైనను సరే. ప్రస్తుతము మన అధ్యాపకులకు చేతనైనది, పుస్తకములు దొరకునది 8085 కనుక దానినే పట్టుకొన్నాను.

ఉత్తర తెలంగాణకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. 2007లో జగిత్యాల సమీపమున నాచుపల్లిలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, 2008లో బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినవి. అప్పుడు మొదటిది కరీంనగరు జిల్లాలోను, రెండవది ఆదిలాబాదు జిల్లాలోను ఉండెడివి. 2016లో జిల్లాల విభజనతో జగిత్యాల, నిర్మల్ జిల్లాలకు చేరినవి. బాసరకు పదవ తరగతి ముగించిన వెంటనే గ్రామములనుండి పిల్లలు వత్తురు. వారిలో తెలుగు మాధ్యమమున చదివినవారున్నారు. పైభాషల పాఠ్యపుస్తకములు తెరచినచో వారికి మొదట అడ్డువచ్చునది తర్కము కాదు, ఇంగ్లీషు వాక్యము. 8085 ముందర అందరును సమానులే. ఆ డెబ్బదినాలుగు రకముల ఆదేశములు ఇంగ్లీషు ముక్కలే గాని, వానిని మేకుల పేర్లుగా ఒక వారములో నేర్చుకొనవచ్చును. ఆపైన వివరణయంతయు తెలుగులో సాగవచ్చును. ఈ వ్యాసములో పదకొండు సంఖ్యల ప్రోగ్రామును వివరించుటకు నాకు ఏ ఇబ్బందియు కలుగలేదు.

మన భాషకు మరియొక పని కూడ ఉన్నది. కంప్యూటరులో తెలుగు అక్షరమునకు యూనికోడ్ ఏర్పాటున్నది. దానిని సాధారణముగా దాచు పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి మూడు బైట్లు పట్టును. ‘క’ అనునది 224, 176, 149 అను మూడు సంఖ్యలు. ‘కరీంనగర్’ కంటికి ఐదక్షరములు. యంత్రమునకు గుడిదీర్ఘము, సున్న, పొల్లు వేరువేరు గుర్తులు గనుక ఎనిమిది గుర్తులు, ఇరువదినాలుగు బైట్లు. ‘ఆదిలాబాద్’ తొమ్మిది గుర్తులు, ఇరువదియేడు బైట్లు. ఇరువది బైట్ల అర చాలునని ఇంగ్లీషు పేర్లను మనసులో ఉంచుకొని ఎవరో నిర్ణయించినచో ఈ రెండు పేర్లును నడుమ తెగిపోవును. తెగినచోట సగము అక్షరము చెత్తగా కనబడును. అట్టి తెగిన తెలుగును రసీదులపైన, సందేశములలోను మనమందరము చూచియున్నాము. దానిని సరిచేయవలసినవారు తెలుగువారే. బైటు అననేమో చేతితో తాకినవారైతే తేలికగా చేయగలరు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు తమ తరగతిలోని పిల్లల పేర్లతో ఈ లెక్కను నల్లబల్లపైననే చేయింపవచ్చును, దీనికి కంప్యూటరు కూడ అక్కరలేదు.

ఈ పాఠమునకు ఒక లోపమున్నదని ఒప్పుకొనవలెను. 8085లో ప్రతి ఆదేశమునకు కాలము నిర్ణీతము. ఒకటి తగ్గించుటకు నాలుగు గడియారపు అడుగులు, తిరిగి దుముకుటకు పది. మూడు మెగాహెర్ట్జ్ వేగమున 255 సార్లు తిరుగుటకు సుమారు 1.2 మిల్లీసెకను అని వ్రేళ్ళపై లెక్కకట్టవచ్చును. నేటి ప్రాసెసరులో ఇట్లు లెక్క కుదరదు. అది అనేక ఆదేశములను ఒకేసారి మొదలుపెట్టును, వరుస మార్చును. కావలసిన సంఖ్య దగ్గరి నిల్వలో ఉన్నచో క్షణములో తెచ్చును, దూరపు మెమరీలో ఉన్నచో నూరింతలు వేచియుండును. 8085ను మాత్రమే నేర్చి ఆగినవానికి నేటి యంత్రపు వేగమును గూర్చి తప్పుడు ఊహలేర్పడును. ఈ సంగతిని పాఠము చివర స్పష్టముగా చెప్పవలెను.

పరీక్షను మాత్రము మార్చి తీరవలెను. సంకేతసంఖ్యల పట్టికను విద్యార్థి చేతికిచ్చి పరీక్ష పెట్టవలెను. దానిని కంఠస్థము చేయించుట వ్యర్థశ్రమ. ప్రోగ్రామును వ్రాయుమనుటకంటె, ఉన్న ప్రోగ్రాములో ఒక సంఖ్యను పాడుచేసి యిచ్చి ఏమి జరుగునో చెప్పుమనుట మంచిది. కిట్లు చెడిపోయినవను సాకు కూడ ఇప్పుడు చెల్లదు. 8085ను అనుకరించు ప్రోగ్రాములు ఉచితముగా దొరకుచున్నవి, సామాన్యమైన కంప్యూటరుపైననే నడుచును. వానిలో ఒక్కొక్క ఆదేశమునకు ఆగి, అరలలో ఏమి మారినదో చూడవచ్చును. కిట్టులో ఆ సౌకర్యమున్నను మీటలు నొక్కి చూచు ఓపిక తక్కువమందికి ఉండును.

ఆ దినమున ఆ విద్యార్థికి మార్కులు పూర్తిగానే వేసినాను. ప్రశ్నపత్రములో అడిగినది అతడు చేసినాడు. లేచి వెళ్ళబోవుచు, “సార్, మరి ఫోన్ల ఏ యాప్ ఏడ పడ్తదో ముందుగాల తెల్వదు కద, అండ్ల ఈ 8006 అసుంటివి ఎవరు మారుస్తరు?” అని అడిగినాడు. జవాబు మొదలుపెట్టులోపల తరువాతి జట్టు విద్యార్థులు లోనికి వచ్చినారు.